పాతకాలపు వంటింటి ఏప్రాన్: పాటర్న్ వెతకడం నుంచి గుడ్డ మీద చాక్ గీసేదాకా

జాకెట్టు కుట్టమని కొత్త టైలర్ దగ్గరికి వెళ్తే మొదట వచ్చే ప్రశ్న "ఆది తెచ్చారా?" అనే. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి ఇస్తే చాలు, దాన్ని పరిచి, కొలిచి, గుడ్డ మీద నేరుగా చాక్‌తో గీసేస్తాడు. కాగితంతో పనిలేదు. అమెరికాలో ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్లకి ఆ ఆదినే కాగితం మీద కత్తిరించి, కవర్లో పెట్టి అమ్మారు. 1863లో మసాచుసెట్స్ రాష్ట్రంలో స్టెర్లింగ్ అనే ఊళ్లో ఎబెనెజర్ బట్రిక్ అనే టైలర్ సైజుల వారీగా కాగితం పాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. 1870లో న్యూయార్క్‌లో జేమ్స్ మెకాల్, 1927లో సింప్లిసిటీ కంపెనీ వచ్చాయి. గౌన్లతో పాటు, వంట చేసేటప్పుడు బట్టల మీద కట్టుకునే ఏప్రాన్‌లూ వీళ్ల క్యాటలాగుల్లో ఉండేవి. ఇప్పుడు మనం వెతికేది ఆ కవర్లనే, లేదా వాటిని చూసి మళ్లీ గీసిన వాటిని.

ఇంటర్నెట్‌లో "వింటేజ్ ఏప్రాన్ పాటర్న్" అని కొడితే వేలల్లో వస్తాయి. అందులో సగం నిన్నా మొన్నా గీసినవే. పువ్వుల గుడ్డతో కుట్టి, చుట్టూ ఫ్రిల్ పెట్టి వింటేజ్ అంటారు. నేనూ మొదట్లో అలాంటివి రెండు కొన్నాను. బాగానే కుదిరాయి కానీ పాత ఫొటోల్లో చూసిన ఆ కట్ రాలేదు. వెతకడానికి ముందు ఏ దశాబ్దం ఏప్రాన్ కావాలో తేల్చుకోవాలని అప్పుడు అర్థమైంది. అది తేలితే మిగతా పని సగానికి సగం తగ్గుతుంది.

ముందు కాలం తేల్చుకోండి

1910లు, 20ల నాటివి ఏప్రాన్ అనడం కంటే పైన తొడుక్కునే గౌను అంటే సరిపోతుంది. భుజాల నుంచి కిందిదాకా తిన్నగా, నడుము దగ్గర బిగింపు లేకుండా ఉంటాయి. అమెరికన్లు వీటిని బంగళా ఏప్రాన్ అనేవాళ్లు. బంగళా మన దేశం నుంచి వెళ్లిన మాటే, తిరిగి తిరిగి వంటింట్లో తేలింది.

ఇదే కాలంలో వచ్చిన హూవర్ ఏప్రాన్ నాకు అన్నిటికంటే ఇష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆహార శాఖకి హెర్బర్ట్ హూవర్ అధిపతి. ఆ శాఖ గృహిణుల కోసం పెట్టిన యూనిఫాం నుంచి దీనికి ఆ పేరొచ్చింది. ముందు భాగంలో రెండు పలకలుంటాయి, రెండూ ఒకే వెడల్పు. ఒకటి రెండోదాని మీదుగా పక్కదాకా వచ్చి నడుము దగ్గర కట్టుకుంటుంది. పై పలక మీద పులుసు ఒలికిందనుకోండి, ముడి విప్పి లోపలి పలకను పైకి తెచ్చి మళ్లీ కట్టుకుంటే సరి. ఎవరైనా తలుపు కొట్టే లోపు శుభ్రంగా కనిపిస్తారు. ఇంత తెలివైన కట్ తరవాత రాలేదని నా అభిప్రాయం. బ్రిటన్‌లో ఇలాంటి దాన్నే క్రాసోవర్ పిన్నీ అన్నారు. అక్కడివి వెతికేటప్పుడు ఏప్రాన్ బదులు పిన్నీ అని కొట్టాలి.

1930ల్లో ఛాతీని కప్పే పై ముక్క (దీన్నే బిబ్ అంటారు), వీపు మీద అడ్డంగా దాటే పట్టీలు, గుండ్రటి అంచులు, ఆ అంచుల చుట్టూ వేరే రంగు క్రాస్ పట్టీ కనిపిస్తాయి. ఇవి కష్టకాలపు ఏప్రాన్‌లు. దాణా, పిండి వచ్చే నూలు సంచుల మీద పువ్వులు అచ్చేసి అమ్మేవాళ్లు, ఆడవాళ్లు ఆ సంచి విప్పి గౌన్లు, ఏప్రాన్‌లు కుట్టుకునేవాళ్లు. 100 పౌండ్ల సంచి విప్పితే గజం పైచిలుకు గుడ్డ వస్తుంది. మన ఇళ్లలో మైదా సంచి మసిగుడ్డ అయినట్టే, కాకపోతే వాళ్లకి అచ్చు కూడా ఉచితం. అందుకే ఈ కాలపు పాటర్న్‌లు తక్కువ గుడ్డలో సర్దుకుంటాయి.

1940ల్లో బిబ్ హృదయం ఆకారంలోకి మారింది, భుజాల మీద ఫ్రిల్ వచ్చింది, జిగ్‌జాగ్ లేసు అంచులెక్కింది. 50ల్లో నడుము నుంచి కిందికే ఉండే హాఫ్ ఏప్రాన్‌ల హవా. గళ్ల గుడ్డ, దాని మీద గడి గడికీ క్రాస్ స్టిచ్. అతిథుల ముందు కట్టుకోడానికి ఆర్గండీతో కుట్టిన హోస్టెస్ ఏప్రాన్‌లు కూడా. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ మన తాలింపు చిటపటల ముందు ఆర్గండీ నిలవదు. రోజూ వంట చేసేవాళ్లు బిబ్ ఉన్నదే చూసుకోండి. చీర మీదైతే మెడలో వేసుకునే రకం కంటే వీపు మీద పట్టీలు దాటే రకం నయం. పైట కదిలినా జారదు.

వెతకడానికి పనికొచ్చే మాటలు

కాలం తేలాక ఆ దశాబ్దాన్నీ ఆకారాన్నీ కలిపి ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. ఉత్త "వింటేజ్" అన్న మాట వదిలేయండి. 1930ల బిబ్ ఏప్రాన్, 1940ల పినాఫోర్ ఏప్రాన్, 1950ల హాఫ్ ఏప్రాన్, క్రిస్‌క్రాస్ బ్యాక్, కాబ్లర్ ఏప్రాన్, హూవర్ ఏప్రాన్. కాబ్లర్ అంటే ముందూ వెనకా రెండు పలకలుండి పక్కన ముడేసే రకం. వీటి పక్కన కంపెనీ పేరు పెడితే ఇంకా చక్కగా వస్తాయి. బట్రిక్, మెకాల్స్, సింప్లిసిటీ, వోగ్ అందరికీ తెలిసినవే. డ్యూబారీ పాటర్న్‌లు వుల్‌వర్త్ దుకాణాల కోసం సింప్లిసిటీ తయారుచేసినవి. అడ్వాన్స్ అనేవి జె.సి. పెన్నీ దుకాణాల్లో అమ్మినవి. ఈ రెండూ ఇప్పుడు రావడం లేదు కాబట్టి కవర్ మీద ఆ పేరుంటే నిజంగా పాతదే.

ఇంకో రకం ఉంది, చాలామంది దాటేస్తారు. పత్రికలో చిన్న బొమ్మ వేసి, చిల్లర పంపితే పోస్టులో పాటర్న్ పంపేవాళ్లు. యాన్ ఆడమ్స్, మేరియన్ మార్టిన్, ఆలిస్ బ్రూక్స్, లారా వీలర్ అనే పేర్లతో వచ్చేవి. కవర్ మీద రంగుల బొమ్మ ఉండదు, అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోరు, చవకగా దొరుకుతాయి. వీటి మీద పోస్టు ముద్ర ఉంటే అదే వాటి పుట్టినరోజు సర్టిఫికెట్. ముద్ర చెరిగిపోతే చిరునామా చూడండి. "న్యూయార్క్ 11" లాగా ఊరి పేరు తర్వాత చిన్న అంకె ఉంటే 1943కీ 1963కీ మధ్యది. ఐదంకెల జిప్ కోడ్ 1963లో వచ్చింది, అదుంటే ఆ తర్వాతిది.

చూడాల్సిన చోట్లు, నా వరసలో

మొదట కొనే చోటికి వెళ్లకండి. రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయం వాళ్ల కమర్షియల్ పాటర్న్ ఆర్కైవ్ చూడండి. అక్కడ కవర్ బొమ్మతో పాటు లోపలి ముక్కల ఆకారాలు కూడా చిన్నగా గీసి ఉంటాయి. ఏ ఏప్రాన్‌కి ఎన్ని ముక్కలు, బిబ్ విడిగా ఉందా, పావడాతో (నడుము కింది భాగంతో) కలిసి ఉందా అన్నది కొనకముందే తెలిసిపోతుంది. కుట్టు కొంచెం తెలిసినవాళ్లకి ఆ ఆకారం చూస్తేనే సగం పాటర్న్ చేతికొచ్చినట్టు.

తర్వాత వింటేజ్ పాటర్న్స్ వికీ. కంపెనీ, నంబరు కొడితే కవర్ బొమ్మ వస్తుంది. కంపెనీలు పాత నంబర్లనే మళ్లీ మళ్లీ వాడాయి, కాబట్టి నంబరొక్కటే నమ్మితే 1940ల ఏప్రాన్ బదులు 1980ల ప్యాంటు తేలుతుంది. బొమ్మతో సరిపోల్చుకోండి.

ఉచితంగా కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్, కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల హోమ్ ఎకనామిక్స్ పుస్తకాల సేకరణ. పాత కుట్టు పాఠాలు పేజీ పేజీ స్కాన్ చేసి ఉంటాయి. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ పోస్టులో కుట్టు నేర్పేది. దాన్ని నడిపిన మేరీ బ్రూక్స్ పికెన్ మ్యాజిక్ పాటర్న్ అనే పద్ధతికి పేరు తెచ్చింది. కాగితం లేకుండా, ఒంటి కొలతల్ని బట్టి గుడ్డ మీదే నేరుగా గీసుకోవడం. అంటే మన వీధి చివర టైలర్ చేసేదే, వాళ్లకి అది మ్యాజిక్! మన వాళ్లకి ఈ పుస్తకాలు ఇట్టే అర్థమవుతాయి. అమెరికాలో అచ్చై 95 ఏళ్లు దాటినవాటికి అక్కడ కాపీరైట్ ఉండదు, కాబట్టి 1920ల పుస్తకాలు దింపుకోడానికి అడ్డు లేదు. 1940లు, 50ల కవర్ల సంగతి వేరు. కొన్నదాంతో మీరు కుట్టుకోవచ్చు, స్కాన్ చేసి పదిమందికి పంచకండి.

కొనాలంటే మూడు రకాలున్నాయి. సింప్లిసిటీ, మెకాల్స్, బట్రిక్, వోగ్ తమ పాత డిజైన్లలో కొన్నిటిని ఇప్పటి సైజుల్లో మళ్లీ వేశాయి. మొదటిసారి కుట్టేవాళ్లకి ఇవే మంచివి, సూచనలు స్పష్టంగా ఉంటాయి. రెండోది ఎట్సీ, ఈబే లాంటి ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలో దొరికే అసలు పాత కవర్లు. మూడోది అక్కడే దొరికే పీడీఎఫ్‌లు. ఇండియాలో ఉన్నవాళ్లకి పాత కవర్ ధర కంటే పోస్టు ఖర్చే ఎక్కువ పడుతుంది. వంద గ్రాములు కూడా ఉండదది, అయినా అంతే. అమెరికాలో మీ చుట్టాలుంటే వాళ్ల ఇంటికి తెప్పించి, వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టమనండి. బాదం పప్పు పాకెట్ల మధ్య ఒక కవర్ ఎవరికీ బరువు కాదు. అంత ఓపిక లేకపోతే పీడీఎఫ్.

డబ్బు కట్టే ముందు

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఒక అమ్మకందారు దగ్గర 1940ల బిబ్ ఏప్రాన్ కవర్ కొన్నాను. కవర్ మీద మూడు రకాల బొమ్మలు, అద్దంలా ఉంది. మూడు నెలలకి చేతికొచ్చింది. విప్పితే పావడా, నడుము పట్టీ, జేబు ఉన్నాయి. బిబ్ లేదు. నేను ఆ కవర్ కొన్నదే ఆ బిబ్ కోసం. తిరిగి చూస్తే అమ్మకం వివరాల్లో "ముక్కలు లెక్కపెట్టలేదు" అని చిన్నగా రాసి ఉంది.

అప్పట్నుంచి అన్నీ చూశాకే కొంటున్నాను. వివరాల్లో "అన్‌కట్" లేదా "ఫ్యాక్టరీ ఫోల్డెడ్" అనుంటే లోపలి టిష్యూ కాగితం ఇంకా కత్తెర చూడలేదని. "కట్ అండ్ కంప్లీట్" అంటే కత్తిరించారు గానీ ముక్కలన్నీ ఉన్నాయని. కత్తిరించినదైతే ఏ సైజుకి కత్తిరించారో అడగండి. సూచనల కాగితం ఉందో లేదో అడగండి. కొందరు అమ్మేది ఎంబ్రాయిడరీ ట్రాన్స్‌ఫర్ మాత్రమే, అంటే ఏప్రాన్ మీద ఇస్త్రీతో దించే పువ్వుల బొమ్మ. కన్సాస్ సిటీ నుంచి వచ్చే ఆంట్ మార్తాస్ ట్రాన్స్‌ఫర్‌లు ఇప్పటికీ దొరుకుతాయి, అవి బాగుంటాయి కూడా, కానీ వాటితో ఏప్రాన్ కత్తిరించలేం. పీడీఎఫ్ అయితే ఒక్కటే ప్రశ్న: కొలత చూసుకోడానికి అందులో ఒక చదరం గీసి ఉందా? లేకపోతే అది వట్టి ఫొటోనే.

సైజు అంకెను నమ్మకండి

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. 14వ సైజు అంటే 1940ల్లో ఛాతీ 32 అంగుళాలు. 1950ల చివరికి అదే 14 అంటే 34. 1968 నుంచి 36. అంకె అదే, మనిషి మారిపోయింది. అందుకని కవర్ మీద సైజు పక్కన ఛాతీ కొలత ఎంతుందో దాన్నే చూడండి. పాత ఏప్రాన్‌లలో చాలావాటికి స్మాల్, మీడియం, లార్జ్ అనే ఉంటుంది, దాని పక్కనా అంగుళాలు రాసి ఉంటాయి.

కొంచెం చిన్నదైనా భయం లేదు, ఏప్రాన్ వెనక తెరిచే ఉంటుంది కదా. పావడా పెంచాలంటే పాటర్న్‌ని గుడ్డ మధ్య మడత నుంచి అర అంగుళం జరిపి పెడితే మొత్తం మీద ఒక అంగుళం పెరుగుతుంది. బిబ్‌కి మాత్రం అలా చేయకండి, మెడ కూడా వెడల్పై జారుతుంది. బిబ్‌ని పక్కల దగ్గరే పెంచాలి.

గుడ్డ లెక్క కూడా మారుతుంది. ఆ కాలం కవర్లు 35, 36 అంగుళాల పన్నాకి లెక్క రాశాయి. మన దగ్గర 44 అంగుళాల పన్నా ఎక్కువ, కాబట్టి చెప్పినదాని కంటే కొంచెం తక్కువే పట్టొచ్చు. అయినా మొదటిసారి తగ్గించకండి. గుడ్డకి మంగళగిరి నూలు, పెడన కలంకారీ అచ్చు రెండూ బాగా కుదురుతాయి. పెడన చిన్న పువ్వుల అచ్చు దూరం నుంచి చూస్తే ఆ పిండి సంచుల గుడ్డలాగే ఉంటుంది. ఏదైనా ముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. రంగు వదిలేదీ కుంచించుకుపోయేదీ అప్పుడే తేలుతుంది.

పీడీఎఫ్ ప్రింటు

ప్రింటర్ సెట్టింగ్‌లో "యాక్చువల్ సైజ్" లేదా 100 శాతం పెట్టండి. "ఫిట్ టు పేజ్" తీసేయండి. నేనోసారి తీయడం మర్చిపోయాను. అమెరికా లెటర్ కాగితానికి చేసిన ఫైలు మన ఏ4లో సర్దుకోడానికి 94 శాతం దగ్గర ఆగింది. 36 అంగుళాల పొడవులో రెండు అంగుళాలకు పైగా పోయాయి, కుట్టాక గానీ తెలియలేదు. కాబట్టి మొదట చదరం ఉన్న పేజీ ఒక్కటే ప్రింటు తీసి స్కేలు పెట్టి కొలవండి. ఒక అంగుళం అనుంటే ఒక అంగుళమే ఉండాలి, నూలు తేడా కూడా ఒప్పుకోవద్దు. లెటర్, ఏ4 రెండు ఫైళ్లూ ఇస్తే ఏ4 తీసుకోండి. లెటర్ కాగితం ఏ4 కంటే వెడల్పు, అంచుల్లో గీతలు తెగిపోవచ్చు.

ఇరవై ముప్పై పేజీలు అతికించే ఓపిక లేకపోతే ఏ0 (పెద్ద షీటు సైజు) ఫైలు ఉందేమో చూడండి. ఇల్లు కట్టే ప్లాన్‌లు తీసే ప్లాటర్ ప్రింట్ దుకాణాల్లో ఒక్క షీటు మీద తీసి ఇస్తారు. అక్కడా అదే మాట చెప్పండి, సైజు మార్చొద్దని.

పాత టిష్యూ చేతికొస్తే

దాన్ని గుడ్డ మీద పెట్టి గుండుసూదులు గుచ్చొద్దు. ఆవిరి లేకుండా సన్నటి వేడితో ఇస్త్రీ చేసి, ముడతలు పోయాక బ్రౌన్ పేపర్ మీదో ట్రేసింగ్ పేపర్ మీదో కాపీ గీసుకోండి. అసలుది మళ్లీ కవర్లోకి.

మరీ పాతవాటి మీద అచ్చు గీతలే ఉండవు, చిన్నా పెద్దా చిల్లులు మాత్రం ఉంటాయి. మెకాల్ 1920ల మొదట్లోనే గీతలు అచ్చేసింది, మిగతా కంపెనీలు చాలా ఏళ్లు చిల్లులతోనే నడిపాయి. ఏ చిల్లు మడత దగ్గర పెట్టాలో, ఏ వరస నిలువు పోగు వెంట పోవాలో కంపెనీని బట్టి మారుతుంది. దాని వివరం సూచనల కాగితం మీదే ఉంటుంది. అది లేకుండా చిల్లుల పాటర్న్ కొనడం తాళంచెవి లేకుండా బీరువా కొనడమే. కాపీ గీసేటప్పుడు ప్రతి చిల్లు పక్కనా దాని అర్థం తెలుగులో రాసుకోండి. కుట్టు కోసం వదిలిన మార్జిన్ కూడా అప్పుడే చూసుకోవాలి. తర్వాతి కాలపు వాటిలో ఎనిమిదింట ఐదు వంతులు, అంటే 5/8 అంగుళం మామూలు. పాతవాటిలో అంతకంటే తక్కువ ఉండొచ్చు.

పుస్తకాల్లో గళ్ల మీద గీసిన చిన్న బొమ్మ దొరికితే బ్రౌన్ పేపర్ మీద అంగుళం అంగుళం గళ్లు గీసుకోండి. బొమ్మలో గీత ఏ గడిని ఎక్కడ కోస్తుందో పెద్ద గళ్లలోనూ అక్కడే చుక్క పెట్టి, చుక్కలు కలపండి. సంక్రాంతి ముగ్గు వేసిన చేతులకి ఇది కొత్త కాదు.

హాఫ్ ఏప్రాన్‌కి పాటర్న్ కొననక్కర్లేదు

50ల హాఫ్ ఏప్రాన్‌కి డబ్బు పెట్టడం నాకు దండగనిపిస్తుంది. అన్నీ నిలువు, అడ్డం గీతలే. 36 అంగుళాల పన్నా గుడ్డ ఒక మీటరు, తడిపితే తగ్గుతుంది కాబట్టి పది సెంటీమీటర్లు ఎక్కువ. తడిపి ఆరాక పొడవు 39 అంగుళాలకు పైగా ఉంటే చాలు.

పన్నా మొత్తం అడ్డంగా తీసుకుని పైనుంచి 23 1/2 అంగుళాలు పావడాకి. దాని కింద 4 అంగుళాల చొప్పున రెండు నిడుపాటి పట్టీలు, ఇవి కట్టుకునే తాళ్లు. మిగిలిన ఏడు అంగుళాల చిల్లర ముక్కలో ఒక వైపు 18 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు నడుము పట్టీ, ఇంకో వైపు 7కి 8 అంగుళాల జేబు.

తాళ్లని పొడవునా మడిచి కుట్టి తిరగేస్తే అంగుళంన్నర వెడల్పు వస్తుంది. పావడా పక్కలు సన్నగా మడిచి కుట్టండి, కింద మూడు అంగుళాల వెడల్పు మడత పెట్టండి, ఆ కాలపు ఏప్రాన్‌లకి అందం ఆ వెడల్పు మడతలోనే. జేబు ఈ దశలోనే కుట్టేయాలి, కుచ్చులు పెట్టాక తిన్నగా కూర్చోదు. పై అంచున మిషన్ మీద పెద్ద టాకాతో రెండు వరసలు కుట్టి, రెండు దారాలూ కలిపి లాగితే కుచ్చులు పడతాయి. నడుము పట్టీ కుట్టాక 17 అంగుళాలే ఉంటుంది కాబట్టి పావడా సుమారు సగానికి దగ్గర పడాలి. కుచ్చులన్నీ మధ్యలో పోగుపడకుండా, పట్టీనీ పావడానీ నాలుగు సమభాగాలుగా గుర్తు పెట్టి, గుర్తుకి గుర్తు కలిపి కచ్చా కుట్టు వేసుకోండి. తర్వాత పట్టీని మడిచి, రెండు చివర్లలో తాళ్లు లోపలికి దూర్చి, పైకుట్టు వేస్తే అయిపోయింది.

బిబ్ కావాలంటే ఇంకో అర మీటరు గుడ్డ, సరిపోయే పాత ఏప్రాన్ ఒకటి ఆదిగా దొరికితే చాలు. దాన్ని నిలువుగా సగానికి మడిచి, బ్రౌన్ పేపర్ మీద పరిచి చుట్టూ పెన్సిల్ గీసి, అర అంగుళం మార్జిన్ వదిలి కత్తిరించండి.